గుడ్డ యాడిది? — తిరుత్తణి మగ్గం నుంచి ఆఫ్రికా కుట్టుమిషను దాకా

"ఈ గుడ్డ యాడిదిరా అబ్బయ్యా?"

మా పెద్దనాయన అడిగిన ఈ ఒక్క ప్రశ్నే నాచేత ఈ వ్యాసం రాయిస్తోంది.

2024 జూలైలో ఆడికృత్తికకు తిరుత్తణి వెళ్ళాం. కొండ మీద స్వామి దర్శనం అయ్యాక, ఎప్పటిలాగే పళ్ళిపట్టు వైపున్న మా పెద్దనాయన ఊరికి పోయి రెండు రోజులు ఉన్నాం. అదే సమయానికి మా చెల్లెలి కొడుకు కెన్యా నుంచి సెలవు మీద వచ్చాడు. వాడు నేనుండే తిరువళ్ళూరులోనే పెరిగాడు. ఊరి శివారున ఒక రెడీమేడ్ దుస్తుల యూనిట్‌లో కటింగ్ నేర్చుకుని, ఆరేళ్ళ కిందట నైరోబి దగ్గర ఆతి రివర్ అనే చోట, ఎగుమతుల మండలంలోని ఒక కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరాడు. తాతకు కానుకగా తమ ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కా ఒకటి తెచ్చాడు.

ఎనభై అయిదేళ్ళ పెద్దనాయన దాన్ని తొడుక్కోలేదు. అంచు తిరగేశాడు, గోటితో ఒక పోగు లాగాడు, వెలుతురుకి పట్టి చూశాడు. అప్పుడడిగాడు ఆ ప్రశ్న.

"కెన్యాది తాతా. పట్టీ మీద రాసుండాదే!"

"కుట్టింది ఆడనేమో. నేసింది యాడ?"

మావాడు నవ్వేశాడు. "నిజమే తాతా. గుడ్డ ఓడలో వస్తాది. కొంత చైనాది, కొంత మన దేశానిది. మేం కత్తిరించి, కుట్టి, అమెరికాకు పంపిస్తాం."

"ఈడి గుడ్డను అంత దూరం మోసుకుపోయి కుట్టేదెందుకు? ఈడ కుట్టేవాళ్ళు లేరా?"

"ఈడ కుడితే అమెరికాలో సుంకం కట్టాల తాతా. ఆడ కుడితే కట్టే పని లేదు. దానికొక చట్టం ఉండాది."

పెద్దనాయన చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అట్లయితే ఆ చట్టం ఉన్నన్నాళ్ళే ఆ మిషను తిరిగేది" అన్నాడు.

బడికి నాలుగేళ్ళకు మించి పోని మనిషి అన్న మాట అది. తిరువళ్ళూరు తిరిగి వచ్చాక కూడా నన్ను వదల్లేదు. పుస్తకాలు తిరగేశాను, మావాణ్ణి ఫోనులో విసిగించాను. తెలుసుకున్నది మన సభ్యులతో పంచుకోవాలనిపించింది. ఆఫ్రికా అనగానే మనకు సంబంధం లేని సంగతి అనుకుంటాం గానీ, నేతపని చేసిన తెలుగు ఇళ్ళకు ఆఫ్రికాతో ఉన్న బంధుత్వం చాలా పాతది.

సుంకం లేని దారి

పేద దేశాల సరుకు మీద ధనిక దేశాలు సుంకం తగ్గించాలి, ప్రతిగా ఏమీ అడగకూడదు: ఈ సూత్రానికి ప్రపంచ దేశాలు తల ఊపింది మన ఢిల్లీలోనే. 1968లో అక్కడ జరిగిన ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి మహాసభలో దీన్ని అంగీకరించారు. 1975లో టోగో దేశపు రాజధాని లోమేలో ఐరోపా దేశాలు 46 ఆఫ్రికా, కరిబియన్, పసిఫిక్ దేశాలతో అలాంటి ఒప్పందమే చేసుకున్నాయి. 2001 నుంచి అత్యంత వెనుకబడిన దేశాల సరుకును, ఆయుధాలు తప్ప, ఐరోపా సుంకం లేకుండా తీసుకుంటోంది. మన దేశం కూడా 2008లో ఇలాంటి దేశాలకు సుంకం రాయితీలు ప్రకటించింది.

మావాడు చెప్పిన చట్టం అమెరికాది. ఆఫ్రికా ఎదుగుదల, అవకాశాల చట్టం దాని పేరు. అందరూ 'అగోవా' అంటారు. 2000 మే 18న అధ్యక్షుడు క్లింటన్ దాని మీద సంతకం చేశారు. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశాల్లో, అమెరికా పెట్టిన షరతులకు ఒప్పుకున్నవాటికి ఇది వర్తిస్తుంది. 2024లో అలాంటివి 32 ఉండేవి. అంతకు ముందే పేద దేశాలకు ఉన్న రాయితీలకు తోడు, మరో 1,800 రకాల సరుకులకు ఈ చట్టం సుంకం ఎత్తేసింది.

ఇందులో అసలు ప్రాణం దుస్తులదే. అమెరికా మామూలుగా నూలు టీషర్టు మీద 16.5 శాతం, కృత్రిమ దారంతో చేసిన దాని మీద 32 శాతం సుంకం వేస్తుంది. అంటే వంద డాలర్ల సరుకు ఓడ దిగేసరికి 32 డాలర్లు పన్నుకే పోతాయి. ఆ భారం లేదంటే, కూలిలో, కరెంటులో, రవాణాలో ఎంత వెనకబడిన దేశమైనా పోటీలో నిలబడగలదు. కెన్యా, లెసోతో, మడగాస్కర్ వంటి దేశాల్లో ఫ్యాక్టరీలు లేచింది ఇందువల్లే. వాటిలో కుట్టేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. చాలామందికి నెల జీతం చేతికి రావడం అదే మొదలు.

అయితే పెద్దనాయన పోగు లాగి పట్టుకున్న మర్మం ఆ చట్టంలోనే ఉంది. మామూలుగా సుంకం మాఫీ కావాలంటే గుడ్డ కూడా ఆఫ్రికాదో అమెరికాదో అయ్యుండాలి. కానీ బాగా వెనకబడిన దేశాలకు ఒక సడలింపు ఇచ్చారు. గుడ్డ ఎక్కడిదైనా సరే, కుట్టు అక్కడ పడితే చాలు. కెన్యాకు ఆ సడలింపు ఉంది. దక్షిణాఫ్రికాకు లేదు. లెసోతో చుట్టూ దక్షిణాఫ్రికాయే ఉన్న చిన్న కొండల దేశం. దాని రాజధాని మసేరు సరిహద్దు నది ఒడ్డునే ఉంది. నదికి ఇవతల ఏ గుడ్డతో కుట్టినా సుంకం ఉండేది కాదు. అవతల కుడితే ఉండేది. అందుకే తైవాన్ వాళ్ళ కుట్టు ఫ్యాక్టరీలు ఇవతలికి చేరాయి.

గీతకు ఇవతల, అవతల

ఇది చదివినప్పుడు మా తిరుత్తణే గుర్తొచ్చింది. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దుల సవరణలో ఆ రోజున మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. పక్కనే ఉన్న నగరి ఆంధ్రలో ఉండిపోయింది. రెండు వైపులా మగ్గాలే, రెండు వైపులా తెలుగు మాటలే, పెళ్ళి సంబంధాలూ అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. కానీ సర్కారు చేయి మాత్రం గీత దగ్గర ఆగిపోతుంది.

ఇవతల, 1983లో మొదలైన పొంగలి ఉచిత చీర, ధోవతి పథకం సహకార సంఘాల ద్వారా నేతగాళ్ళకు పని ఇస్తోంది. 2023 నుంచి మరమగ్గానికి రెండు నెలలకు 1,000 యూనిట్ల కరెంటు ఉచితం. అవతల, 2019 నుంచి కొన్నేళ్ళు చేనేత కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు నేరుగా ఇచ్చారు. నగరిలో ఉన్న మా పిన్నమ్మ కొడుకూ, ఇవతల ఉన్న మా పెద్దనాయన కొడుకూ కలిసినప్పుడల్లా ఎవరి సర్కారు మెరుగని వాదించుకుంటారు. రాయితీ అనేది మనిషి పనితనాన్ని బట్టి కాక, ఇల్లు గీతకు ఎటువైపుందో దాన్నిబట్టి వస్తుందని ఆ వాదన వింటే తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. చేతిమగ్గాన్ని కాపాడేందుకు మన దేశం కూడా ఒక చట్టం చేసింది. 1985లో వచ్చిన ఆ చట్టం కింద మొదట 22 రకాల బట్టను చేతిమగ్గానికే కేటాయించారు. మరమగ్గాలవాళ్ళు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. 1996లో ఆ జాబితా 11 రకాలకు తగ్గింది. కొన్ని లక్షణాలున్న చీర, ధోవతి, తువాలు, లుంగీ అందులో ఉన్నాయి. చట్టం ఉంది. అయినా మా పెద్దనాయన ఇంట్లో గుంటమగ్గం పూడ్చి, అదే చోట ఆయన కొడుకు మరమగ్గాలు పెట్టాడు. వాటి మీద ఏ అంచు పడుతోందని ఇంట్లో ఎవరూ అడగరు. చేతినేతకు గిట్టే కూలి రాకపోతే, కేటాయింపు ఒక్కటే ఆ మగ్గాన్ని నిలబెట్టదు. మా ఇల్లే అందుకు సాక్ష్యం.

ఆఫ్రికా కట్టుకున్న మన గుడ్డ

పెద్దనాయనకు ఆఫ్రికా కొత్త కాదు. ఆయన అత్తగారి ఊరు చీరాల పక్కన. 1960 ప్రాంతంలో, పెళ్ళయిన కొత్తలో, మూడేళ్ళు మామగారి మగ్గం మీద గళ్ళ రుమాళ్ళు నేశాడు. మద్రాసు రుమాలని ప్రపంచంలో పేరుపడ్డ గుడ్డ అది. ఆయన నేసిన గుడ్డ మద్రాసు వర్తకుల చేతి మీదుగా పశ్చిమ ఆఫ్రికాకు పోయేది. "మనం నేసేది మనమెవరం కట్టుకునేవాళ్ళం కాదు. వాసన చూసి కొంటారంట ఆడివాళ్ళు. రంగు వాసన రాకపోతే అసలు సరుకు కాదని తోసేస్తారంట" అని ఇప్పటికీ చెప్తాడు.

నైజీరియాలో నైజర్ నది సముద్రంలో కలిసేచోట కలబారి అనే జాతి ఉంది. వాళ్ళు ఈ గళ్ళ గుడ్డను 'ఇంజిరి' అంటారు. పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి చనిపోయినవారి పడక అలంకరణ దాకా వాళ్ళకు అది కావాలి. అంతే కాదు, నేసిన గళ్ళలోంచి కొన్ని పోగులు బ్లేడుతో కోసి తీసేసి, తమదైన కొత్త డిజైను తెప్పిస్తారు. మన నేతగాడు వేసిన పోగును వాళ్ళ ఆడవాళ్ళు ఓపికగా తీసి, ఆ గుడ్డను తమదిగా చేసుకుంటారన్నమాట. నైజీరియాలో మన దేశపు గుడ్డకు 'జార్జి' అనే పేరు కూడా ఉంది. అది మద్రాసు సెయింట్ జార్జి కోట పేరు మీదుగా వచ్చిందంటారు.

ఈ రాకపోకలకు ఒక మొదలు మా జిల్లాలోనే ఉంది. పొన్నేరి దగ్గరి పళవేర్కాడు, మనం పులికాట్ అనే ఊరు, డచ్చివాళ్ళు 1613లో జెల్డ్రియా కోట కట్టిన చోటు. చుట్టుపక్కల నేసిన గళ్ళ గుడ్డ అక్కణ్ణించి సముద్రం దాటేది. పళయకాట్ లుంగీ అనే మాట ఈ ఊరిదే.

ఇక్కడే ఒక చేదు నిజం కూడా ఉంది. 1700లోనూ, 1721లోనూ ఇంగ్లండు తన నేతగాళ్ళను కాపాడుకోవడానికి చట్టాలు చేసింది. మన దేశపు అద్దకం గుడ్డను అక్కడ అమ్మకూడదు, కట్టుకోకూడదు అని వాటి సారాంశం. మళ్ళీ ఓడెక్కించి వేరే చోట అమ్ముకోవడానికి మాత్రం అడ్డు లేదు. అలా ఓడెక్కిన మన నూలు గుడ్డలో చాలా భాగం పశ్చిమ ఆఫ్రికా తీరం చేరింది. అక్కడ దానికి బదులుగా కొన్నవాటిలో మనుషులు కూడా ఉన్నారు. 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించేదాకా మన గుడ్డ ఆ బేరంలో ఒక సరుకు. నేసినవాడికి ఆ సంగతి తెలిసుండదు. కానీ వ్యాపార చట్టం ఎవరి మేలు కోసం పుట్టినా, దాని దెబ్బ ఎక్కడో చూడని మనిషి మీద పడగలదని ఇది చెప్తుంది.

తర్వాత ఆ దెబ్బ మన మీద పడే వంతు వచ్చింది. స్వతంత్ర దేశమైన నైజీరియా, కడూనా, కానో, లాగోస్‌లలో పెట్టుకున్న తన మిల్లులను నిలబెట్టుకోవడానికి 1970, 80లలో పరాయి గుడ్డ దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. అది వాళ్ళ హక్కు, అందులో తప్పు పట్టడానికి లేదు. చీరాల వైపు మాత్రం రుమాళ్ళ మగ్గాలు ఆగాయి. పెద్దనాయన బావమరిది రుమాళ్ళు మాని వేరే నేతకు మారాడు. 1991లో నూలు ధరలు పెరిగిపోయి, ఆంధ్రలో నేతగాళ్ళ ఆకలిచావులు పత్రికలకెక్కిన సంవత్సరంలో ఆయన మగ్గమే దించేశాడు. విచిత్రమేమంటే ఆ ఆంక్షలు నైజీరియా మిల్లులను కూడా కాపాడలేకపోయాయి. సరైన కరెంటు లేక, దొంగచాటు సరుకు ఆగక, చాలా మిల్లులు మూతపడ్డాయి.

ఇచ్చిన చెయ్యే తీసుకుంటే

రాయితీ ఇచ్చే దేశం దాన్ని తీసుకోవడానికి కూడా అధికారం ఉంచుకుంటుంది. అగోవా కింద ఏ దేశం అర్హమో అమెరికా అధ్యక్షుడు ఏటా నిర్ణయిస్తాడు. 2009లో మడగాస్కర్‌లో ప్రభుత్వాన్ని కూలదోశారు. 2010 జనవరి నుంచి ఆ దేశానికి రాయితీ పోయింది. మళ్ళీ 2014లో గానీ రాలేదు. ఇథియోపియాలో అంతర్యుద్ధం వచ్చింది. 2022 జనవరి 1 నుంచి ఆ దేశం పేరు తీసేశారు. యుద్ధం చేసింది సైన్యాలు, పని పోయింది హవాసా పట్నంలో కుట్టుమిషన్ల ముందు కూర్చున్న ఆడపిల్లలకు.

రువాండా కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. ధనిక దేశాల్లో వాడి పారేసిన పాత బట్టలు మూటలుగా వచ్చి పడుతుంటే తమ నేత, కుట్టు ఎలా పెరుగుతాయని ఆ దేశం పాత బట్టల మీద సుంకం పెంచింది. 2018 జూలైలో అమెరికా రువాండా దుస్తులకు ఇచ్చిన రాయితీని నిలిపేసింది. నీ మిషను తిప్పుకో, కానీ మా పాత బట్టలు మాత్రం వద్దనకు అన్నట్టుంది.

మన దేశానికీ ఇది అనుభవమే. ఢిల్లీలో అంగీకరించిన ఆ పాత రాయితీని అమెరికా 2019 జూన్ 5 నుంచి భారతదేశానికి తీసేసింది. 2025 ఏప్రిల్‌లో లెసోతో సరుకు మీద 50 శాతం సుంకం వేస్తామని ప్రకటించి, ఆగస్టులో 15 శాతానికి దించింది. అదే ఆగస్టు 27న మన సరుకు మీద 50 శాతానికి పెంచింది. ఒకే నెలలో మసేరు, తిరుప్పూరు రెండూ లెక్కలు తిరగరాసుకున్నాయి.

అగోవాను 2015లో పదేళ్ళకు పొడిగించారు. ఆ గడువు 2025 సెప్టెంబరు 30న తీరింది. ఆ రాత్రి మావాడు ఫోను చేశాడు. "మామా, తాత చెప్పిన రోజు వచ్చేసింది" అన్నాడు. కొనేవాళ్ళు ఆర్డర్లు ఆపి చూస్తున్నారట. వాడి లైనులో నలభైమంది. వాళ్ళలో ఒకామె ఒంటరి తల్లి. జీతంలో కూడబెట్టి సొంతానికో కుట్టుమిషను కొనుక్కుందట. "ఫ్యాక్టరీ ఆగినా బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకుని బతుకుతానంటాది మామా. మిగతావాళ్ళే ఏం చేస్తారో" అన్నాడు.

మారిషస్‌లో మనవాళ్ళు చూసిన దారి

రాయితీ ఎప్పుడూ గాలిలో దీపమేనా? కాదని చూపించిన దేశం ఆఫ్రికాలోనే ఉంది, అదీ మన తెలుగువాళ్ళున్న దేశం. మారిషస్‌కు చెరకు తోటల కూలీలుగా వెళ్ళిన మనవాళ్ళ సంతతి అక్కడ ఉగాదిని సెలవు దినంగా జరుపుకుంటోంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే.

1975 నాటి లోమే ఒప్పందంతో పాటు ఐరోపా ఏటా సుమారు 5 లక్షల టన్నుల మారిషస్ పంచదారను మంచి ధరకు కొంటానని మాట ఇచ్చింది. ఆ మాట 2009 దాకా నడిచింది. మారిషస్ ఆ లాభాన్ని తిని కూర్చోలేదు. 1970లోనే ఎగుమతుల మండలానికి చట్టం చేసుకుని ఉంది. చెరకు డబ్బులో కొంత, హాంకాంగ్ వ్యాపారుల డబ్బు కొంత కలిసి దుస్తుల ఫ్యాక్టరీలయ్యాయి. చెరకు నరికిన ఇళ్ళ ఆడపిల్లలు జీతగత్తెలయ్యారు. తర్వాత అగోవా వచ్చినప్పుడు, పరాయి గుడ్డ సడలింపు మారిషస్‌కు మొదట దొరకలేదు. సుంకం మాఫీ కావాలంటే ఆఫ్రికా నూలే కావాలి. దాంతో అక్కడ నూలు వడికే మిల్లులు కూడా పెట్టుకున్నారు. 2005లో ప్రపంచమంతా దుస్తుల కోటాలు ఎత్తేసినప్పుడు మారిషస్‌లోనూ చాలామందికి పని పోయింది. అయినా ఆ పరిశ్రమ మిగిలింది, ఎందుకంటే పోగు కూడా వాళ్ళదే.

ఆఫ్రికాలో పత్తి లేక కాదు. బెనిన్, బుర్కినా ఫాసో, చాడ్, మాలి పత్తి పండించే దేశాలే. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీలతో తమ ధర పడిపోతోందని 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఆ నాలుగూ మొరపెట్టుకున్నాయి. ఒక చేత్తో చొక్కాకు సుంకం తీసేస్తూ, ఇంకో చేత్తో పత్తి ధర పడగొడితే, వడికేవాడూ నేసేవాడూ ఆ గడ్డ మీద ఎలా పుడతారు? 2021 జనవరి నుంచి ఆఫ్రికా దేశాలు తమలో తాము సుంకాలు తగ్గించుకునే ఒప్పందం మొదలుపెట్టాయి. మాలి పత్తి ఇంకో ఆఫ్రికా దేశంలో నూలై, కెన్యాలో చొక్కా కావాలంటే దారి అదే.

నాకర్థమైనది ఇంతే. ఇలాంటి చట్టాలు వద్దని నేను అనను. ఆ దారి లేకపోతే ఆ ఒంటరి తల్లి సొంత మిషను కొనుక్కునేది కాదు. కానీ తలుపు తెరిచి ఉన్న రోజుల్లోనే నూలు, నేత, పనితనం సొంతానికి సంపాదించుకోవాలి. అందుకు పదేళ్ళకొక గడువు, ఏడాదికొక పరీక్ష సరిపోవు. ఒక మిల్లు నిలదొక్కుకోవడానికి పట్టేంత కాలం మాట మీద నిలబడే చట్టం కావాలి.

ఆ పిల్లలు మన పని లాక్కుంటున్నారని ఇక్కడ కొందరు అనడం విన్నాను. వాళ్ళు కుట్టే గుడ్డలో కొంత మనదే. ఒకప్పుడు మన మగ్గాలకు మెతుకు పెట్టింది వాళ్ళ ముత్తవ్వలు. ఈ రెండు మాటలూ మన పిల్లలకు చెప్పాలి. మీ ఇళ్ళలో పాత పెట్టెల అడుగున గళ్ళ రుమాలు ఉంటే తీసి చూపించండి, అది ఎక్కడెక్కడికి పోయిందో చెప్పండి.

పోయిన నెల పెద్దనాయన దగ్గరికి పోయినప్పుడు సెప్టెంబరు సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఆ చొక్కా ఇంకా మడత విప్పకుండానే ఉంది. కాసేపాగి, "ఆ మిషను కొనుక్కున్న బిడ్డకు మగ్గం గూడా నేర్పే వాళ్ళు ఎవురన్నా ఉండారేమో కనుక్కోమను వాణ్ణి" అన్నాడు. మావాడికి ఆ మాట చేరవేశాను.